రెండో రీలు

పలమనేరు
6-8-1980

చిరంజీవి దామోదరానికి,

ఇక్కడ మేము బాగున్నాము, అక్కడ నువ్వూ బాగున్నావనుకుంటాము అని మొదలుపెట్టాలి కదా. పెట్టను. ఇక్కడ ఏమీ బాగాలేదు.

పోయిన మంగళవారం మీ మామకు మల్బరీ తోటలో రొమ్ములో నొప్పి వచ్చింది. నేను పట్టుపురుగుల ఇంట్లో తట్టలు శుభ్రం చేస్తున్నదాన్ని, ఆకు ఇంకా రాలేదేమని కేకలు వేస్తూ పోయాను. అవును, తిట్టుకుంటూనే పోయాను. చూస్తే ఆకు మోపు ఒక పక్క పడి ఉంది, మనిషి గట్టు మీద కూలబడి ఉన్నాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. చొక్కా తడిసి ముద్దయింది. ఎడమ చెయ్యి పట్టుకొని ఉన్నాడు. "ఏమైంది మామా?" అంటే, "ఏమీ ల్యా మే. వాయువు. నువ్వు పురుగులకు ఆకేసినావా?" అన్నాడు. అప్పుడు కూడా ఆ మనిషికి పురుగుల ధ్యాసే.

చిత్తూరు డాక్టరు రొమ్ముకు తీగలు తగిలించి, కాగితం మీద గీతలు తీయించి, ఇది తన చేతిలో పని కాదన్నాడు. గుండెకు పోయే రక్తనాళాల్లో అడ్డం పడినట్టుందట. మద్రాసు తీసుకుపోయి ఫిల్ము తీయించమన్నాడు. మీ మామ ససేమిరా అన్నాడు. నేను ఏడ్చి, అన్నం మాని, అలిగి, అన్నీ చేశాను. చివరికి, "నా అల్లుడు పనిసేసే ఆసుపత్రి అయితే వస్తా. వాడు సూడకుండా నన్ను ఎవురూ ముట్టుకోగూడదు" అన్నాడు.

నాయన పోయినప్పుడు నీకు ఆరేళ్ళు. అమ్మకు తమ్ముడు, నాకు మొగుడు, నీకు నాయన, అన్నీ ఆ ఒక్క మనిషే. నువ్వు మద్రాసులో ఏవో ఫిల్ములు కడుగుతావని తెలుసు గానీ ఏ ఫిల్ములో నేను ఎప్పుడూ అడగలేదు. సినిమావేమో అని రుక్మిణమ్మ పిన్ని ఊరంతా చాటింది. అవి గుండె ఫిల్ములే అయితే మంచిది. ఎవరి కాళ్ళయినా పట్టుకొని మీ మామను చూపించు.

పిల్లా జెల్లా లేని ఇల్లు ఇది. ఆయన లేకుండా నేను బతకలేనురా దామూ.

మీ అక్క
చంద్రకాంతమ్మ


మద్రాసు
18-9-1980

అక్కకు,

ఫిల్ము తీయించుకొని మీరు తిరుగు రైలు ఎక్కేటప్పుడు "ఏమీ లేదు, మాత్రలు వేసుకుంటే చాలు" అన్నాను. మామ పక్కనే ఉన్నాడని అలా అన్నాను. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఆయన లేనప్పుడు చదువు.

నేను కడిగేవి రుక్మిణమ్మ పిన్ని చెప్పినట్టు సినిమా రీళ్ళ లాంటివే. తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టాన్ని గుండె దాకా పంపి, నాళాల్లోకి మందు ఎక్కిస్తారు. ఆ మందు పారినంత మేరా నాళాలు ఎక్స్‌రేలో కనిపిస్తాయి. దాన్ని రీలు మీద తీస్తారు. ఒకసారి ముందు నుంచి, ఒకసారి పక్క నుంచి, అట్లా నాలుగైదు వైపుల నుంచి తీస్తారు. ఆ రీలును డార్కురూములో కడిగి ఆరబెట్టేది నేను. ఆరిన తర్వాత పెద్ద డాక్టరుగారు ప్రొజెక్టరులో వేసి చూస్తారు.

మామకు గుండె ముందు వైపు దిగే పెద్ద నాళం ఒకచోట సగానికి సగం ఇరుకైంది. మన బావి మోటారు పైపులో గార పట్టినట్టు లోపల కొవ్వు పేరుకుందట. సగమే కాబట్టి ఇప్పుడు కొయ్యరు. మాత్రలు తప్పకూడదు. బీడీ ముట్టకూడదు. మోపులు మొయ్యకూడదు. ఏడాదిన్నర తర్వాత మళ్ళీ ఫిల్ము తీసి, ఈ రీలునూ ఆ రీలునూ పక్కపక్కన వేసి చూస్తారు. పెరగకపోతే సరే. పెరిగితే మాత్రం రొమ్ము తెరిచి ఆపరేషను చెయ్యాలి. మనిషిని పైనుంచి చూసి పెరిగిందో లేదో ఏ డాక్టరూ చెప్పలేడట.

ఆపరేషను మాట మామ చెవిన వెయ్యొద్దు. పెద్దమామ కడుపు ఆపరేషనుకు పోయి తిరిగి రాలేదు కదా, ఆ మాట వింటే మామ రెండోసారి మద్రాసు గడప తొక్కడు. ఈ ఉత్తరం ఎక్కడైనా దాచెయ్.

రోజూ ఎంతమందివో గుండెలు కడిగి ఆరవేస్తాను అక్కా. ఏనాడూ ఎవరిదని చూడలేదు. మామ రీలు కడిగేటప్పుడు మాత్రం డబ్బా మీద పేరు చదివి, మళ్ళీ చదివాను.

దామోదరం


పలమనేరు
2-12-1980

దామూకు,

దాచమన్నావు, దాచాను. ఎక్కడ దాచానో అడుగు. పురుగుల తట్టలో ఆకు కింద పరిచే పాత పేపర్ల కట్ట మధ్యలో. ఆ పని మీ మామ ఎన్నడూ చెయ్యడు కదా అని. మోపులు మొయ్యొద్దన్నామని, చేతులు ఊరికే ఉండలేక, నిన్న పేపర్లు మార్చడానికి కూర్చున్నాడు. నా తెలివి మండిపోను.

చదివి, సాయంత్రం దాకా తట్టల ముందే కూర్చున్నాడు. తర్వాత, "రొమ్ము కోసేదైతే నేను పొయినట్టే మే. ఆ ముక్కేదో ముందే సెప్పుంటే పోయేది కదా" అన్నాడు. అప్పటికప్పుడు కాళ్ళూ చేతులూ కడుక్కొని తూర్పుకు, కొండ వైపుకు తిరిగి మొక్కుకున్నాడు. మొక్కు ఇది: రెండో ఫిల్ములో అడ్డం పెరగలేదని తేలితే ఇద్దరం మెట్ల దారిన నడిచి తిరుమల ఎక్కుతాము, నేను తలనీలాలు ఇస్తాను. నా జుట్టు సంగతి నన్ను అడగనేలేదు చూడు.

బీడీ మానేశాడు. ఆ చిరాకంతా నా మీదే. మానేటప్పుడు ఎన్ని మాటలన్నా పడతాను, మనిషి ఉంటే చాలు. మాత్రలు నేనే చేతిలో పెడుతున్నాను, మింగేదాకా కదలను.

కింద తానే రెండు ముక్కలు రాస్తానని కలం లాక్కుంటున్నాడు.

అల్లుడా, మీ అక్క రాసిందంతా నమ్మొద్దు. నేను గట్టిగానే ఉండాను. నాకు ఒకే మాట. రెండో తూరి ఫిల్ము తీసినాక డాక్టర్లు ఇంగిలీసులో ఏమేమో అంటారు, అది నాకు పన్లేదు. నువ్వు సూసి సెప్పు. నువ్వు బాగుండాది అంటే బాగుండాది, ల్యా అంటే ల్యా. మునిరామయ్య.


పలమనేరు
9-1-1982

దామూకు,

ఏడాదిన్నర అంటే ఎంతో దూరం అనుకున్నాను. వచ్చి నెత్తిన కూర్చుంది. వచ్చే నెల ఎనిమిదో తేదీకి రమ్మని మీ ఆసుపత్రి నుంచి కార్డు వచ్చింది. కార్డు వచ్చిన రోజు నుంచి మీ మామ ముద్ద సరిగా మింగడం లేదు. ఎవరైనా పలకరిస్తే తోటలోకి పోతాడు.

నొప్పి వస్తోందా అని అడిగితే లేదంటాడు. అడగడం మానితే, "అడగవేం?" అంటాడు. రొమ్ము లోపల ఏముందో తెలియక, ఆ మనిషి ముఖం చూసి ఊహించుకుంటూ పద్దెనిమిది నెలలు గడిపాను. దగ్గినా ఉలిక్కిపడతాను, దగ్గకపోయినా ఉలిక్కిపడతాను. ఇంక నా వల్ల కాదు. మంచో చెడో తెలిస్తే బాగుండునని ఒకసారి, తెలియకపోతేనే బాగుండునని ఒకసారి అనిపిస్తోంది.

తీసిన వెంటనే నువ్వు చూడు. చూసిన వెంటనే నాకు రాయి. డాక్టరు వచ్చేదాకా, ఆయన పిలిచేదాకా ఆగమనకు. ఒక్క పూట కూడా ఆగలేను.

అక్క


మద్రాసు
10-2-1982

అక్కా, అక్కా,

కూర్చొని చదువు. మామను పక్కన కూర్చోబెట్టుకొని చదువు. తగ్గింది!

నిన్న మీరు రైలెక్కిన తర్వాత మామ రీలు నా చేతికి వచ్చింది. పెద్ద డాక్టరుగారు ఫిల్ము తీసిన రాత్రే ఢిల్లీ పోయారు, రెండు వారాలకు గానీ రారు, అందుకే కదా ఫలితానికి ఇరవై ఆరున రమ్మన్నారు. రీలు నేనే కడిగాను. ఆరవేసి, దీపం ముందు పెట్టి, భూతద్దం పట్టుకొని చూశాను. ఏడాదిన్నర కిందట ఎక్కడ ఇరుకైందో ఆ చోటు నాకు కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. అక్కడ ఇప్పుడు నాళం నిండుగా, వెడల్పుగా ఉంది. పెరగకపోవడం కాదు అక్కా, తగ్గిపోయింది. మొదట నమ్మలేక మూడుసార్లు చూశాను.

డాక్టరుగారు ఇంకా చూడలేదు. చూడడానికి ఏముంది? తొమ్మిదేళ్ళుగా ఈ రీళ్ళు కడుగుతున్నాను. ఆపరేషను లేదు, కోత లేదు. మామతో చెప్పు, అల్లుడు తన కళ్ళతో చూసి చెప్పాడని.

తపాలా బండి పోయే వేళయింది, పరుగెత్తుతున్నాను.

దామోదరం


పలమనేరు
17-2-1982

నా తండ్రీ దామూ,

నీ ఉత్తరం పైకి చదువుతూ నేను ఏడ్చాను, వింటూ మీ మామ నవ్వాడు. "సూసినావా మే, నా అల్లుడు!" అని పోస్టుమాన్ చిన్నబ్బను కూర్చోబెట్టి అతనికి కూడా మళ్ళీ చదివించాడు. సంగటి, చింతాకు పప్పు చెయ్యమన్నాడు. చాలా రోజులకు నోరు తెరిచి ఇంకో ముద్ద పెట్టమన్నాడు. ఆ మాటకు నేను వంటింట్లోకి పోయి ఇంకోసారి ఏడ్చాను.

మరుసటి రోజే ఆకు మోపు ఎత్తాడు. వద్దని అరిచాను. "ఇంగ నాకేమి మే, ఫిల్ములోనే తగ్గినాదంటే!" అన్నాడు. నేను కూడా ఊరుకున్నాను. ఆ మనిషి గట్టు మీద నడుస్తూ ఉంటే చూడాలని నాకూ ఉండింది.

ఇరవై ఆరున మద్రాసు రావడం లేదు. బాగైన తర్వాత డాక్టరుతో ఏం పని అంటున్నాడు. మొక్కు తీర్చాల్సిందే మొదటి పని. శుక్రవారం పొద్దున బస్సుకు బయలుదేరి, శనివారం, ఇరవై ఏడో తేదీ, తెల్లవారుజామున మెట్లెక్కుతాము. అలిపిరిలో పాదాల మండపం దగ్గర టెంకాయ కొట్టి మొదటి మెట్టు ఎక్కాలని మీ మామ ఇప్పటి నుంచే తబ్బిబ్బు పడుతున్నాడు. నా జుట్టు ఆ రోజు వరకే. నన్ను గుండుతో చూసి నవ్వావంటే చూడు.

నీ నోట మంచి మాట వచ్చింది. నీ కడుపు చల్లగా ఉండాలి.

అక్క


టెలిగ్రాము
మద్రాసు, 26-2-1982, సాయంత్రం 4-10

మునిరామయ్య, పలమనేరు. కొండ ఎక్కవద్దు. ఫిల్ము పొరపాటు. ప్రయాణం ఆపండి. నేను వస్తున్నాను. దామోదరం


అలిపిరి
27-2-1982, పగలు పదకొండు గంటలు

అక్కా,

పాదాల మండపం మెట్ల మీద కూర్చొని రాస్తున్నాను. తెల్లవారకముందే ఇక్కడికి వచ్చాను. మీరు కనిపించలేదు. ఎక్కే ప్రతి మనిషి ముఖమూ చూశాను. జంటగా పోయే ప్రతివాళ్ళ వెనకా పరుగెత్తి ముందుకు పోయి చూశాను. ఒకాయన, "ఏమప్పా, పిచ్చా?" అని నెట్టేశాడు. మెట్టు మెట్టుకూ పసుపు పూస్తూ పోయే ఆడవాళ్ళను అడిగాను. ఎవరూ చూడలేదన్నారు. నేను రాకముందే ఎక్కేశారేమో. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి బస్సులో పైకి పోయి, మెట్లు ముగిసే చోట నిలబడతాను. అక్కడా తప్పిపోతే, ఇల్లు చేరగానే ఇది మీకు అందాలని రాస్తున్నాను. చదవగానే మామను మంచం మీద పడుకోబెట్టు. నడవనివ్వకు. ఏ బండి దొరికితే ఆ బండిలో మద్రాసు తీసుకురా.

నిన్న మధ్యాహ్నం డాక్టరుగారు వచ్చారు. రెండు రీళ్ళూ రెండు ప్రొజెక్టర్లలో పక్కపక్కన వెయ్యమన్నారు. నేనే వేశాను, నవ్వుతూ వేశాను. రెండో రీలు మొదటి భాగం చూసి ఆయన, "ఇది ముందు నుంచి తీసింది. పాత రీలులో అడ్డం కనిపించింది పక్క నుంచి తీసిన దానిలో. పక్కదీ పక్కదీ కలిపి చూడాలి. ముందుకు తిప్పు" అన్నారు. తిప్పాను. పక్క నుంచి తీసిన భాగం వచ్చింది. ఆ చోట నాళం దారమంత ఉంది అక్కా.

ఆ కొవ్వు నాళానికి ఒక గోడకే పట్టి ఉందట. ముందు నుంచి చూస్తే నాళం వెడల్పుగానే కనబడుతుంది. పక్క నుంచి చూస్తేనే ఎంత మిగిలిందో తెలుస్తుంది. నేను పాత రీలులో పక్క బొమ్మను మనసులో పెట్టుకొని, కొత్త రీలులో ముందు బొమ్మను చూశాను. తగ్గిందని రాశాను. పదింట తొమ్మిది వంతులు మూసుకుపోయిందన్నారు డాక్టరుగారు. మెట్లు కాదు, మేడ కూడా ఎక్కకూడదు, వెంటనే పిలిపించు అన్నారు. నేను అక్కడి నుంచే తపాలా ఆఫీసుకు పరుగెత్తాను.

టెలిగ్రాము కొట్టాను. అప్పటికే మీరు ఇల్లు తాళం వేసి ఉంటారు. ఆ సంగతి తెలిసే కొట్టాను, ఇంకేం చెయ్యాలో తోచక.

ఎండ ముదురుతోంది. పైనుంచి ఎవరో దిగి వస్తున్నారు. మామేమో అని లేచాను. కాదు.

దామూ


మద్రాసు
25-3-1982

అక్కకు,

పెద్దకర్మ రోజున నీ ఎదురుగా రెండు గంటలు కూర్చున్నాను. నువ్వు నా వైపు చూడలేదు. అన్నం వడ్డించేటప్పుడు నా విస్తరి దగ్గర గరిటె ఇంకొకరికి ఇచ్చి లోపలికి పోయావు. నేను తినకుండా లేచి వచ్చాను. నువ్వు చేసింది తప్పని రాయడం లేదు. నాకు అంతకంటే ఎక్కువ చెయ్యాలి.

మీరు ఏ దారిన ఎక్కారో, ఏ చోట ఏం జరిగిందో నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. నేను పైన మెట్లు ముగిసే చోట చీకటి పడేదాకా నిలబడ్డాను. మీరు రాలేదు. మీ మనసు మారి ఎక్కలేదేమో అని సంతోషించాను. ఆ సంతోషంతోనే పలమనేరు బస్సెక్కాను. వీధి మొగదల చిన్నబ్బ కనబడి నా చెయ్యి పట్టుకున్నాడు.

ఇంకో సంగతి చెప్పాలి. అలిపిరి ఉత్తరంలో కూడా దీన్ని రాయలేదు. రీలులో రెండో భాగం నేను చూడలేదనుకుంటున్నావు కదా. చూశాను. పూర్తిగా ఆరలేదు, తడిగానే ఉంది, అయినా పట్టి చూశాను. ఆ చోట ఏదో సన్నగా కనిపించింది. తడి వల్ల అలా ఉందనుకున్నాను. అనుకున్నాను కాదు, అనుకోవాలని అనుకున్నాను. పది నిమిషాలు ఆగితే ఆరేది. తపాలా బండి పోతుందని ఆగలేదు. నువ్వు ఒక్క పూట కూడా ఆగలేనన్నావు కదా, నేను పది నిమిషాలు ఆగలేదు. మంచి మాట నా నోటి నుంచే మామకు చేరాలని నాకు అంత ఆత్రం.

మామను నేనే చంపాను. ఉద్యోగం వదిలేస్తానని రాసిచ్చాను. డాక్టరుగారు తీసుకోలేదు, నెల రోజులు ఆలోచించుకోమన్నారు. ఆలోచించడానికి ఏమీ లేదు. డార్కురూము తలుపు దాకా పోయి తిరిగి వచ్చేస్తున్నాను.

తిట్టి అయినా ఒక ముక్క రాయి.

దామోదరం


పలమనేరు
3-5-1982

దామోదరానికి,

పెద్దకర్మ తర్వాత నువ్వు రాసిన ఉత్తరాలు మూడూ అందాయి. చివరి రెండూ విప్పలేదు. మొదటిది చదివి నెలకు పైనే అయింది. మామను నేనే చంపాను అని ఎంత సులువుగా రాశావురా! చదివి ఒళ్ళు మండిపోయింది. నువ్వొక్కడివే మోసుకుపోదామనుకున్నావా? అందులో నా పాలు నాకు ఇవ్వవా?

విను. శుక్రవారం బస్సులో చంద్రగిరి దగ్గరకొచ్చేసరికి మీ మామ, "మనం అలిపిరికి పోవద్దు మే. ఈడనే దిగి శ్రీవారి మెట్టు దోవన పోదాం. ఈ దోవలో మెట్లు తక్కువ, బిరీన పోవచ్చు" అన్నాడు. అలిపిరిలో టెంకాయ కొట్టాలని అంత తబ్బిబ్బు పడిన మనిషి మాట ఎందుకు మార్చాడని నేను అడగలేదు. మంచిదే కదా అనుకున్నాను. చంద్రగిరిలో వసంతమ్మ వదిన ఇంట్లో ఉండి, శనివారం పొద్దున ఎక్కాము.

యాభై మెట్లకొకసారి నిలబడ్డాడు. నిలబడిన ప్రతిసారీ, "ఆ బండ సూడు మే, ఎంతుండాదో" అనో, "ఆ పక్క సూడు, మనూరు కనిపిస్తాదేమో" అనో అన్నాడు. నేను వెర్రిదాన్ని, చూశాను. తర్వాత ఒకచోట కూర్చున్నాడు. ముఖం మళ్ళీ ఆ రోజు తోటలో లాగానే అయింది. మాత్ర నాలుక కింద పెట్టాను. అప్పుడు చెప్పాడు.

"మేయ్ చంద్రా, ఈ నొప్పి ఈ పొద్దుది కాదు. అల్లుడి జాబు రాకముందూ ఉన్నింది, వచ్చినాకా ఉండాది."

"మరి చెప్పలేదేం మామా?" అని అరిచాను. అరిచానురా, ఆ స్థితిలో ఉన్న మనిషి మీద.

"తగ్గినాదని వాడు రాసినాడు కదా. నేను నొస్తాది అంటే వాడు సూసింది అబద్ధమైపోతాది. వాడు తప్పు సూడడు. ఇది ఏదో ఉత్త వాయువే అనుకున్యా" అన్నాడు. కొంచెం సేపటికి, "ఈ మాట వానికి సెప్పగాకు" అన్నాడు. తర్వాత నా భుజం మీద తల పెట్టాడు. పైనుంచి దిగేవాళ్ళు నలుగురు ఆగి, కండువాలు డోలీలా కట్టి మోసుకొని దింపారు. కింద మెట్టుకు వచ్చేసరికి చెయ్యి చల్లబడింది.

చెప్పొద్దన్నాడని రెండు నెలలు దాచాను. నీతో మాట్లాడకపోవడానికి కోపం కాదు కారణం. నోరు తెరిస్తే ఇది బయటపడుతుందని. ఆకు మోపు మోసేటప్పుడు మూడుసార్లు దారి మధ్యలో దించి, తాడు బిగిస్తున్నట్టు కూర్చోవడం నేను వాకిట్లో నుంచి చూశాను. తాడు వదులైందనుకున్నాను. నువ్వు తడి వల్ల అనుకున్నావు, నేను తాడు అనుకున్నాను. ఇద్దరికీ అలా అనుకోవడమే కావలసి వచ్చింది. నువ్వు ఫిల్ము బాగుందన్న తర్వాత నేను ఆ మనిషిని నొప్పి ఉందా అని ఒక్కనాడూ అడగలేదురా. ఏడాదిన్నర రోజూ అడిగిన దాన్ని, ఆ పదిహేను రోజులూ అడగలేదు.

నిన్ను క్షమించానో లేదో నాకు తెలియదు. ఒకనాడు క్షమిస్తాను, మరునాడు నీ రాత చూస్తే చించెయ్యాలనిపిస్తుంది. ఉద్యోగం మాత్రం వదలొద్దు. వదిలితే ఆ చోటికి ఇంకొకడు వస్తాడు, వాడికి ముందు బొమ్మకూ పక్క బొమ్మకూ తేడా ఇంకో మునిరామయ్య పోతే గానీ తెలియదు.

ఇంకొకటి అడగాలి. నువ్వు నవ్వినా, ఇది కూడా పిచ్చిదైపోయిందనుకున్నా సరే. మీ మామది ఇంట్లో ఒకే ఒక ఫోటో ఉంది, పెళ్ళినాటిది. కర్రలా నిలబడి ఉన్నాడు, ఆయనలాగే లేడు. మొన్న తట్టలు కడుగుతూ ఉంటే నాకు తట్టింది. మీరు తీసింది సినిమా లాంటిదన్నావు కదా. అంటే అందులో బొమ్మ కదులుతుంది కదా. మరి ఆ రీలులో మీ మామ గుండె ఇంకా కొట్టుకుంటూ ఉంటుందా? ఉంటే నాకు ఒక్కసారి చూపించరా దామూ.

అక్క


మద్రాసు
8-5-1982

అక్కా,

కొట్టుకుంటూ ఉంటుంది.

నీ ఉత్తరం డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయనకు తెలుగు లిపి రాదు, నాచేత చదివించుకొని విన్నారు. బయటివాళ్ళకు రీళ్ళు చూపించకూడదని రూలు. "పదిహేడో తేదీ సోమవారం నేను గదిలో ఉండను, తాళం నీ దగ్గరే ఉంటుంది" అని లేచిపోయారు. పదిహేనో తేదీ శనివారం నేనే వచ్చి నిన్ను తీసుకువస్తాను. నాతో దారిలో మాట్లాడకపోయినా ఫరవాలేదు.

రెండు నెలల తర్వాత నిన్న మొదటిసారి ఆ రీలు తీసి ప్రొజెక్టరుకు ఎక్కించాను. ఇన్నాళ్ళూ నేను దానిలో ఇరుకు ఎక్కడుందనే చూశాను గానీ వేరే ఏదీ చూడలేదు. నాళాలన్నీ కలిసి ఒక్కసారి ముడుచుకుంటాయి, మళ్ళీ విచ్చుకుంటాయి. మందు ఎక్కించిన ప్రతిసారీ కొంచెం వేగం పెరుగుతుంది. మామకు భయం వేసి ఉంటుంది. రీలు మొత్తం నూట నలభై ఆరు సార్లు కొట్టుకుంటుంది. రెండుసార్లు లెక్కపెట్టాను.

రెండు నిమిషాల్లో అయిపోతుంది అక్కా. అయిపోగానే మళ్ళీ మొదటికి తిప్పి వేస్తాను. నువ్వు చాలు అనేదాకా వేస్తూనే ఉంటాను.

దామూ